కూలి కింద పడేసిన ముక్క ఖరీదైన పళ్లెంలోకి ఎలా ఎక్కింది?

మా గూడెం కుర్రాడొకడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ పట్నంలో కంప్యూటర్ల పని చేస్తున్నాడు. వాళ్ల అమ్మా నాన్నా ఇప్పటికీ మిరప కోతలకు పోయే మనుషులే. మొన్నొక ఆదివారం ఫోన్ చేసి, "మామా, ఒక సంగతి చెప్తా, నవ్వొద్దు" అన్నాడు.

ఆఫీసువాళ్లు వాణ్ణి పెద్ద హోటలుకు తీసుకుపోయారట. కాలిన ఇనప పెనం చుయ్యిమని పొగలు కక్కుతుంటే పరుగున తెచ్చి బల్ల మీద పెట్టారట. దాని మీద సన్నగా పేలికల్లాగా కోసిన మాంసం, ఉల్లిపాయలు, మిరపకాయలు. పక్కన పల్చటి రొట్టెలు. "నోట్లో పెట్టుకోగానే మా అమ్మమ్మ పొయ్యి గుర్తుకొచ్చింది మామా. తుమ్మ నిప్పుల మీద కాల్చి పెట్టేది చూడు, అచ్చం అదే వాసన. బిల్లు చూస్తే మనిషికి ముప్పై డాలర్లు! మా అమ్మకు వారం కూలి!"

"ఏమంటార్రా ఆ కూరని?" అని అడిగాను.

"ఫహీతా అంటారు మామా. పెద్దకూరే."

ఆ పేరు పట్టుకుని దొరికిందల్లా చదివాను. చదివిన కొద్దీ తెలిసిందేమంటే, అది హోటలు వంట కాదు. షావుకార్ల వంట అసలే కాదు. పశువులు కాసే కూలోళ్ల వంట. చేసిన పనికి పూర్తి డబ్బు ఇవ్వకుండా, కూలిలో భాగమని చెప్పి పడేసిన ముక్కతో పుట్టిన వంట. అందుకే ఈ వారం ఎరువుల ధరలూ పట్టా పుస్తకాలూ పక్కన పెట్టి ఒక మాంసం ముక్క గురించి రాస్తున్నాను. ఏం ముక్క తింటున్నాం, ఎందుకు ఆ ముక్కే మనకు దక్కుతున్నది అన్న లెక్క కూలీలు వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు?

మెత్తటి కండ, పని చేసే కండ

ముందు మాంసం సంగతి తేల్చుకుందాం. పశువు ఒంట్లో కండలన్నీ ఒకటి కావు. అమెరికాలో 'స్టేక్' అంటే మందంగా కోసి నిప్పుల మీదో పెనం మీదో కాల్చుకుని తినే ముక్క. అందులో అన్నిటికన్నా ఖరీదైనది నడుము లోపలివైపు, వెన్నుపూసల కింద సన్నగా పొడుగ్గా ఉండే కండ. టెండర్‌లాయిన్ అంటారు దాన్ని. ఆ కండ అడుగు వెయ్యదు, బరువు లాగదు, మెడ ఎత్తదు. ఊరికే పడి ఉంటుంది. అందుకే వెన్నలాగా మెత్తగా ఉంటుంది. ఊళ్లో అరుగు మీద కూర్చున్న ఆసామి అరచేతుల్లాగా అన్నమాట. నూరు కిలోల కళేబరంలో అది రెండు మూడు కిలోలకు మించదు. తక్కువ దొరుకుతుంది, మెత్తగా ఉంటుంది, కాబట్టి డబ్బున్నవాడి పళ్లెంలోకి పోతుంది.

మెడ, భుజం, కాలు, రొమ్ము అలా కావు. పొద్దస్తమానం పనిచేసే కండలవి. పనిచేసే కండలో పీచు గట్టిపడుతుంది. పీచుల చుట్టూ తెల్లటి పొరలు, జిగురు కట్టే పదార్థం పేరుకుంటాయి. దాన్నే శాస్త్రజ్ఞులు కొల్లాజెన్ అంటారు. కాళ్ల చారు చల్లారితే గడ్డ కడుతుంది కదా, అదీ ఆ కొల్లాజెన్ కరగబట్టే.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. మెత్తదనం వేరు, రుచి వేరు. పని చెయ్యని కండకు మెత్తదనం ఉంటుంది గాని రుచి చప్పన. పనిచేసిన కండలో ఎరుపు ఎక్కువ, వాసన ఎక్కువ, రుచి ఎక్కువ. పెద్ద హోటళ్లలో ఆ మెత్తటి కండకు వెన్నలూ పులుసులూ ఎందుకు పోస్తారనుకున్నారు? చప్పదనం కప్పటానికే.

మనం చెప్పుకునే ముక్క ఏదంటే, రొమ్ముకూ పొట్టకూ మధ్య అడ్డుతెరలాగా ఉండే కండపట్టీ. పశువు ఊపిరి తీసిన ప్రతిసారీ అది కదలాల్సిందే. పగలూ రాత్రీ దానికి సెలవు లేదు. పొడుగ్గా, పల్చగా, పైన పొర కప్పుకుని ఉంటుంది. పీచు పైకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. లోపలివి రెండు, వెలుపలివి రెండు, పశువుకు నాలుగే పట్టీలు. ఇంగ్లీషులో స్కర్ట్, అంటే లంగా అన్నారు. మెక్సికోవాళ్ల స్పానిష్ భాషలో 'ఫాహా' అంటే నడికట్టు. 'ఫహీతా' అంటే చిన్న నడికట్టు. చూడగానే కూలోడు పెట్టిన పేరని తెలిసిపోవటం లేదూ?

రియో గ్రాండే లోయలో కూలి లెక్క

టెక్సాస్ ఒకప్పుడు మెక్సికో దేశంలోదే. 1836లో విడిపోయింది, 1845లో అమెరికాలో కలిసింది. 1846 నుంచి రెండేళ్లు యుద్ధం నడిచాక, 1848 ఒప్పందంతో రియో గ్రాండే నది రెండు దేశాలకూ సరిహద్దయింది. ఆ తర్వాత నదికి ఉత్తరాన ఉన్న మెక్సికన్ల భూములు కోర్టుల్లోనూ, అప్పుల్లోనూ, దౌర్జన్యంగానూ ఒక్కొక్కటే చేజారిపోయినాయి. వేల ఎకరాల పశువుల కమతాలు లేచినాయి. వాటిని రాంచ్‌లంటారు. నిన్నటిదాకా తన నేల మీద తన పశువుల్ని మేపుకున్నవాడు పరాయివాడి మందకు కాపరి అయ్యాడు.

ఆ కాపర్లను 'వకేరో' అనేవాళ్లు. 'వాకా' అంటే స్పానిష్‌లో ఆవు. గుర్రం మీంచి పలుపు విసిరి పశువును పట్టే విద్య వాళ్లదే. సినిమాల్లో మనం చూసే తెల్ల కౌబాయ్ ఆ విద్య నేర్చుకున్నది వకేరోల దగ్గరే. రాంచ్, రోడియో, లాసో అన్న మాటలు స్పానిష్ నుంచి వచ్చినవే. విద్య వాళ్లది, పేరు మరొకడిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మందల్ని ఒకచోటికి తోలే రోజుల్లో పనివాళ్ల తిండికోసం పశువుల్ని కోసేవాళ్లు. మంచి కండలన్నీ యజమాని ఇంటికి పోయేవి. తల, తోలు, పేగులు, ఈ పొట్ట పట్టీ, వీటిని అమ్మితే కొనేవాడు లేడు, దాచటానికి ఐసు లేదు. అందుకని కాపర్లకు ఇచ్చేవాళ్లు. దానమని కాదు, కూలిలో భాగమని! టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పశుశాస్త్రం చెప్పే హొమెరో రెసియో అనే ఆయన 1984లో దీని పుట్టుపూర్వోత్తరాలు వెదకటానికి పూనుకున్నాడు. పుస్తకాల్లో ఏముంటుంది? కూలోళ్ల వంటలు ఎవరు రాస్తారు? ఆ నోటా ఈ నోటా నిలిచిన సంగతులే ఆయనకు దొరికినాయి. 1930ల నుంచీ దక్షిణ, పశ్చిమ టెక్సాస్ రాంచ్‌లలో ఈ పట్టీని నిప్పుల మీద కాల్చుకుని తినేవాళ్లనీ, ఈ పేరుతోనే పిలిచేవాళ్లనీ తేలింది.

ఆ కూలిముక్కలతోనే వాళ్ల ఆడవాళ్లూ మగవాళ్లూ వంటలు కట్టారు. తలను గుడ్డలో చుట్టి, గుంట తవ్వి, నిప్పుల్లో పూడ్చి రాత్రంతా మగ్గబెడితే బార్బకోవా. పొట్టపేగుల్ని కడిగి మిరపకాయలతో గంటల తరబడి ఉడికిస్తే మెనూడో, మన బోటికూరకు అన్న వరస. పొట్ట పట్టీని నిప్పుల మీద వేస్తే ఫహీతా. మూడూ ఇవాళ టెక్సాస్‌లో పేరున్న వంటలే. మూడూ ఎంగిలి కూలిలోంచి లేచినవే.

నిప్పుల మీద చేసే విద్య

చవక ముక్కను నిప్పుల మీద వేస్తే తోలులాగా సాగుతుందని చాలామంది అంటారు. వేసే పద్ధతి తెలియకపోతే అంతే. వకేరోలు కనిపెట్టిన పద్ధతి ఇప్పుడు వంట పుస్తకాలన్నిటిలోకీ ఎక్కింది.

మొదటిది, పైనున్న పొర ఒలిచెయ్యాలి. అది ఉంటే ముక్క ముడుచుకుపోతుంది. రెండు, ఉప్పు పట్టించాలి. నిమ్మరసం, వెల్లుల్లి, మిరపకాయ వాళ్ల అలవాటు. నిమ్మరసంలో ఒకటి రెండు గంటలు చాలు. రాత్రంతా నానితే పైభాగం పిండిలాగా అయిపోతుంది. మూడు, నిప్పులు మంట తగ్గి బూడిద కప్పుకుని ఎర్రగా కణకణలాడాలి. సన్న సెగ పనికిరాదు. ముక్క తడి తుడిచి, ఒక్కొక్క పక్క రెండు మూడు నిమిషాలు. పల్చటి ముక్క కాబట్టి లోపల నీరు ఇంకిపోక ముందే పైన కాలాలి. నాలుగు, దించగానే కొయ్యకుండా ఐదు నిమిషాలు పక్కన పెట్టాలి. అయిదోది అసలు కిటుకు. పీచు ఎటు పోతున్నదో చూసుకుని, దానికి అడ్డంగా, సన్నగా కొయ్యాలి. పీచు వెంబడి కోస్తే పొడుగు దారాలు పంటికి చిక్కుతాయి. అడ్డంగా కోస్తే ఆ దారాలు పొట్టి ముక్కలైపోయి ఇట్టే నలుగుతాయి. అదే కండ, అదే నిప్పు. కత్తి తిప్పిన తీరులో ఉంది మెత్తదనం.

వాళ్ల నిప్పుకు కట్టె ఏదో తెలుసా? మెస్కీట్. బీడుల్లో మొలిచే ముళ్లచెట్టు. మన చెరువు గట్ల మీద, రోడ్ల పక్కన మొలిచే సర్కారు తుమ్మ ఉందే, దానికి దాయాది. ఆ సర్కారు తుమ్మ పుట్టిల్లు కూడా మెక్సికో, దక్షిణ అమెరికా వైపే. 1870లలో బ్రిటిషువాళ్ల అటవీ శాఖ వంటచెరుకు కోసం దాని విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించింది. మా కుర్రాడి ముక్కుకు అమ్మమ్మ పొయ్యి వాసన తగిలిందంటే తగలదా మరి!

మన సంగతి కొంచెం వేరు, అదీ చెప్పుకోవాలి. వాళ్లది కోతకోసమే పెంచిన లేత పశువు. మన దగ్గర పెద్దకూరంటే ఎక్కువగా ఏళ్ల తరబడి పాలిచ్చిన గేదె, బండి లాగిన దున్న, దుక్కికి పనికిరాని ఎద్దు. ఆవునూ దూడల్నీ కొయ్యటాన్ని 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించింది. దేనికీ పనికిరాదని ధ్రువపత్రం ఉన్న పశువే కోతకు రావాలి. వయసు మీదపడ్డ పశువు పీచు ముదురు. కాబట్టి మనం కాల్చకముందే పీచుకు అడ్డంగా వేలెడు పల్చని ముక్కలు కోసి, పచ్చిబొప్పాయి కాయ ముద్ద కొంచెం పట్టించి అరగంట ఉంచాలి. బొప్పాయి పాలకు పీచును కొరికే గుణముంది. తర్వాత ఊచకు గుచ్చి బాగా కాల్చాలి. లోపల పచ్చి ఉంచొద్దు. ముడుసు కండ, పిక్క కండ నిప్పుల మీద వెయ్యొద్దు. వాటి జిగురు కరగాలంటే నీళ్లలో సన్న సెగన మూడు నాలుగు గంటలు పట్టాల్సిందే. చవక ముక్క అంటే అన్నీ ఒకటి కాదు. నిప్పుకు వచ్చేవి వేరు, కుండకు వచ్చేవి వేరు. ఇంకొక్క మాట. జబ్బు చేసి చచ్చిన పశువును ముట్టుకోవద్దు, కొయ్యొద్దు. దొమ్మరోగం పశువు నుంచి మనిషికి తగులుకుంటుంది. ఎంత కాల్చినా, ఎవడు ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఈ విద్య చదువుకున్నవాళ్లకు ఎంత ఆలస్యంగా అందిందో చూడండి. అమెరికాలో భుజం కండను అంతా కైమా కింద కొట్టి చవకగా అమ్మేవాళ్లు. పశువుల వ్యాపారం డబ్బు పెడితే నెబ్రాస్కా, ఫ్లారిడా విశ్వవిద్యాలయాలవాళ్లు కండకండనూ విడదీసి పరీక్షలు చేశారు. భుజం లోపల నరం తీసేస్తే, వెన్ను కింది కండ తర్వాత అంతటి మెత్తటి ముక్క ఒకటి ఉందని తేల్చారు. 2000ల మొదట్లో దానికి 'ఫ్లాట్ ఐరన్' అని పేరు పెట్టి అమ్మకానికి తెచ్చారు. చవక కండలో సరుకుందని చెప్పటానికి ప్రయోగశాలలు కావాల్సొచ్చింది. వకేరోకు ఒక కత్తి, నాలుగు నిప్పులు, ఆకలి, ఇవి సరిపోయినాయి.

ముక్కకు ధర వచ్చింది, మనిషికి రాలేదు

చాలా ఏళ్లు ఆ పట్టీ సంగతి కాపర్లకూ, మాంసం కొట్టేవాళ్లకూ, వాళ్ల ఇళ్లకూ తప్ప బయటికి తెలియదు. 1969 సెప్టెంబరులో సన్నీ ఫాల్కన్ అనే ఆయన, ఆస్టిన్ పట్నంలో మాంసం దుకాణం చూసుకునే మనిషి, కైల్ అనే చిన్న ఊళ్లో మెక్సికో స్వాతంత్ర్య దినం సంబరాల్లో బడ్డీ పెట్టి ఫహీతా అమ్మాడు. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో అనే వితంతువు, నడవని రొట్టెల కార్ఖానా ముందు పది బల్లలు వేసి నిప్పుల మీద కాల్చిన మాంసం రొట్టెలో చుట్టి అమ్మింది. ఇంతవరకూ తమవాళ్ల వంటను తమవాళ్లే అమ్ముకోవటం. అందులో తప్పు పట్టేదేముంది?

1982లో ఆస్టిన్‌లోని హయత్ హోటల్లో జార్జ్ వైడ్‌మన్ అనే వంట పెద్ద దాన్ని చుయ్యిమనే ఇనప పెనం మీదికి ఎక్కించాడు. జనం విరగబడ్డారు. అక్కణ్నుంచి దేశమంతా పాకింది. పశువుకు నాలుగే పట్టీలు. అడిగేవాళ్లు లక్షలు. దానికి తోడు జపానువాళ్లు కూడా ఈ పట్టీని ఇష్టంగా కొనేవాళ్లే. 1980ల నడుమకల్లా ఒకప్పుడు కొనేవాడు లేని ముక్క ధర కొన్ని రెట్లు పెరిగింది. ధర పెరగటంతో హోటళ్లు వేరే కండను ఆ పేరుతో వడ్డించటం మొదలుపెట్టినాయి. తర్వాత కోడి ఫహీతా, రొయ్య ఫహీతా కూడా వచ్చినాయి. కోడికి నడికట్టు ఎక్కడుంది? రొయ్యకు పొట్ట పట్టీ ఎక్కడుంది? పేరు మిగిలింది, ముక్క మాయమయింది, ముక్కను వండటం నేర్పినవాడు అంతకన్నా ముందే మాయమయ్యాడు.

ఇది ఒక్క టెక్సాస్ కథే కాదు. అర్జెంటీనాలో పక్కటెముకల మీద నుంచి తీసే పల్చటి కండను 'మతాంబ్రే' అంటారు. ఆ మాటకు అర్థం 'ఆకలిని చంపేది' అని. ఫ్రాన్సులో లోపల వేలాడే ఒక కండకు కసాయి ముక్క అని పేరు. ఎవరూ కొనరు కాబట్టి కసాయి తనకోసం దాచుకునేవాడు. ఇవాళ రెండూ హోటలు పట్టీలో పెద్ద ధరకే ఉన్నాయి. పేదవాడి నాలుక ముందు కనిపెడుతుంది, పెద్దవాడి జేబు తర్వాత కనిపెడుతుంది.

ఆ ముక్కకు ధర వస్తున్న కాలంలో మనుషుల కూలి ఎలా ఉంది? అదే రియో గ్రాండే లోయలో, స్టార్ కౌంటీలో, 1966 జూన్‌లో పుచ్చకాయ తోటల కూలీలు సమ్మె కట్టారు. కోరిందేమిటి? గంటకు ఒక డాలరూ పాతిక సెంట్లు. 1938లో దేశానికంతటికీ కనీస కూలి చట్టం వచ్చినా పొలం కూలీలను అందులోంచి తప్పించారు మరి. సమ్మెకారులు ఎండలో వందల మైళ్లు నడిచి రాష్ట్ర రాజధాని ఆస్టిన్ చేరారు. దారిలో గవర్నరు కారులో ఎదురొచ్చి, మీకోసం శాసనసభను పిలవనని చెప్పి పోయాడు. సెప్టెంబరు 5న, అక్కడి కార్మిక దినాన, వేలమంది ఊరేగింపుగా రాజధానిలో అడుగుపెట్టారు. పోలీసులు సమ్మెకారుల్ని కొట్టారు, ఖైదు చేశారు. 1967లో తుఫాను వచ్చి పంటల్ని ఊడ్చేశాక సమ్మె చల్లారింది. అయితే పోలీసుల జులుం మీద వేసిన వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచి 1974లో అమెరికా సుప్రీంకోర్టులో కూలీల పక్షాన తేలింది. దేశ కనీస కూలి చట్టం కూడా 1966 సవరణతో మొదటిసారి పొలం కూలీల్లో కొందరికి వర్తించింది. కైల్ సంబరంలో ఫహీతా బడ్డీ పెట్టింది ఆ నడక జరిగిన మూడేళ్లకే. ముక్క మాత్రం నడవకుండానే రాజధాని హోటలు చేరింది.

మా నాన్న లెక్క

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగిన కథే కదా అనుకోవచ్చు. చదువుతుంటే నాకు మాత్రం మా నాన్నే కళ్ల ముందు మెదిలాడు.

మాది మధిర పక్కన పల్లె. మా నాన్న ఒక ఆసామి దగ్గర పాలేరు. ఏడాదికింత అని వడ్లు కొలిచేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ ఆసామి ఎద్దు గట్టు మీంచి జారి కాలు విరిగి చచ్చిపోయింది. పొద్దుగూకిన తర్వాత కబురొచ్చింది. మా నాన్నా, చిన్నాన్నలూ పోయి దాన్ని ఈడ్చుకొచ్చి, తోలు ఒలిచి, తోలు ఆసామికి అప్పజెప్పి, మాంసం గూడేనికి తెచ్చారు. ఆ రాత్రి గూడెమంతా వెలుగే. మా అమ్మ కత్తిపీట ముందేసుకుని ముక్కలు కోస్తూ, పక్కన కూర్చున్న మా అక్కకు, "అట్టా కాదే, పీచుకు అడ్డం తిప్పి కొయ్యి" అని చెప్పటం ఇప్పటికీ చెవుల్లో ఉంది. కొంత కుండలోకి, కొంత నిప్పుల మీదికి. మిగిలింది ఉప్పూ పసుపూ రాసి దండెం మీద తునకలుగా ఎండేసింది. నేను తిన్నంత తిని పడుకున్నాను. ఎవరో పిలిచి విందు పెట్టారనుకున్నాను.

సంక్రాంతి ముందు లెక్క చూసేరోజు నాన్నతో నేనూ పోయాను. ఆసామి వడ్లు కొలిపించి, చివర్లో రెండు కుంచాలు వెనక్కి పోయించాడు. నాన్న అడగలేక అడిగాడు, "అయ్యా, అదేంటి?" అని. "ఎద్దు కూర తిన్నారుగా ఇంటిల్లిపాదీ, ఊరికే వచ్చిందా?" అన్నాడు ఆయన. కాలు విరిగిన ఎద్దును అర్ధరాత్రి ఈడ్చిన కూలి ఏదీ? తోలు ఒలిచిన కూలి ఏదీ? తోలు ఎవరికి పోయింది? నాన్న ఏమీ అనలేదు. తువ్వాలు దులుపుకుని బస్తా ఎత్తుకున్నాడు. దారిపొడుగునా మాట్లాడలేదు. ఆ రెండు కుంచాల లెక్క నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు. సంఘంలోకి నేను పుస్తకం చదివి రాలేదు, ఆ కుంచాలు చూసి వచ్చాను.

1948లో వచ్చిన కనీస కూలి చట్టంలోనే కూలి నగదుగా ఇవ్వాలని రాశారు. ఆనవాయితీ ఉన్నచోట ప్రభుత్వం ఒప్పుకుంటే సరుకు రూపంలో ఇవ్వొచ్చని సందు కూడా పెట్టారు. ఆ సందులోంచే ఎన్ని కుంచాలు కారిపోయినాయో! ఇవాళ కుంచాలు లేవు, కానీ లెక్క మారిందా? కోతకు పోతే రాలిన కాయ నీదేలే, కూలి తగ్గించుకో అంటారు. మేత కోసుకుపోతున్నావుగా అంటారు. మధ్యాహ్నం అన్నం పెట్టాంగా అంటారు. కల్లంలో మిగిలిన తాలు ఇచ్చి దాన్నీ కూలిలో రాస్తారు. రియో గ్రాండే లోయలో పొట్ట పట్టీ ఇచ్చి కూలిలో రాసుకున్న లెక్కా, ఈ లెక్కా ఒక దస్తూరీతో రాసినవే.

కాబట్టి కార్యకర్తలు ఊళ్లలో కూలి రేట్లు రాసుకునేటప్పుడు నగదు ఒక్కటే రాస్తే చాలదు. సరుకు కింద ఏం ఇస్తున్నారు, దానికి ఎంత కట్టి కోస్తున్నారు, ఎవరు కట్టారు ఆ ధర, ఇవి కూడా ఆడవాళ్లను అడిగి రాయండి. ఇంట్లోకి ఏం వచ్చిందో, ఎంత తరుగుందో సరిగ్గా చెప్పేది వాళ్లే. కూలి పూర్తిగా డబ్బు రూపంలో రావాలి. ఇష్టపడి పెట్టే కాయా కూరా పైన. ఇదీ మన మాట.

ఇక తిండి సంగతి. ఈ ముక్కలు తిన్నందుకు మనల్ని తక్కువ చేసి చూసినవాళ్లున్నారు. బళ్లో పక్కన కూర్చోనివ్వని వాళ్లున్నారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బహిరంగంగా పెద్దకూర వండుకు తిని మా తిండి మాది అంటే దాడులు జరిగినాయి. అదే ముక్కను ఇనప పెనం మీద పొగలు కక్కిస్తూ తెస్తే ముప్పై డాలర్లిచ్చి తింటారు. ముక్కలో తక్కువదనం లేదు, ఇచ్చిన కూలిలో ఉంది తక్కువదనం.

మా గూడెంలో ఆదివారం పెద్దకూర కోస్తే ఇప్పటికీ పోగులు పెట్టి పంచుకుంటారు. ఒక్కొక్క పోగులో కాస్త మెత్తటి కండ, కాస్త గట్టి కండ, ఎముక, కార్జం, బోటి, అన్నీ సమంగా వేస్తారు. ఈ పోగు పెద్దవాడికి, ఈ పోగు చిన్నవాడికి అని ఉండదు. అన్ని పోగులకూ ఒకటే ధర. వెన్ను కండ ఒకడికీ పొట్ట పట్టీ ఒకడికీ అని విడదీసింది పశువు కాదు, మనుషులే. మా కుర్రాడికి ఫోనులో అదే చెప్పాను. "ఈసారి ఊరికి వచ్చినప్పుడు ఆదివారం చూసుకుని రారా. పోగు తీసుకుందాం. తుమ్మ నిప్పులున్నాయి. పీచుకు అడ్డం కొయ్యటం మా అక్క చూపిస్తుంది."